పీఈటీ మేడం నడుము నొప్పి

విజిల్ నోట్లో పెట్టుకుంటే కడుపులో దేవుతోంది. ఏళ్ల తరబడి మెడలో వేలాడిన విజిలే. ఇప్పుడు దాని ప్లాస్టిక్ రుచి నాలుకకు తగిలితే చాలు, నోట్లో నీళ్లూరి గొంతు దాకా ఎగదన్నుకొస్తోంది. అందుకని శ్రీవాణి చప్పట్లతో పీటీ చేయించడం మొదలుపెట్టింది. ఒకసారి కొడితే సావధాన్, రెండుసార్లు కొడితే విశ్రామ్. పిల్లలు అదేదో కొత్త ఆట అనుకుని సంబరపడ్డారు.

హాలియాలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆమె పీఈటీ. అంత బడికీ ఆటల టీచరు ఒక్కతే. పొద్దున అసెంబ్లీ, ఆ తర్వాత ఒక్కో పీరియడ్‌కు ఒక్కో తరగతి, ఇంటర్వెల్‌లో మెట్ల దగ్గర కాపలా, సాయంత్రం పిల్లల్ని బస్సులెక్కించడం. స్టాఫ్ రూంలో ఆమెకంటూ ఒక కుర్చీ ఉంది గానీ అందులో కూర్చునే పీరియడే లేదు.

ఆమెకు మూడో నెల నడుస్తోందని ఆ బడిలో ఎవరికీ తెలియదు.

తెలియకూడదన్నది అత్త అండాలు పెట్టిన కట్టడి. అండాలు చండూరులో ఉంటుంది, ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని నేస్తూనే మాట్లాడుతుంది కాబట్టి ఆమె మాటల వెనక ఎప్పుడూ మగ్గం చప్పుడు వినిపిస్తుంది.

"ఐదో నెల పడేదాక పెదవి దాటొద్దు బిడ్డా. ఐదో నెల పడ్డంక నేనే ఊరంత చెప్త. పోయినసారి ఏమైందో యాదికున్నది గద?"

యాదికి లేకేం! పోయిన ఏడాది రెండో నెలలోనే శ్రీవాణి స్టాఫ్ రూంలో చెప్పేసింది. సంతోషం ఆపుకోలేకపోయింది. రైసు మిల్లులో మెషీన్ ఆపరేటరుగా పనిచేసే భర్త శ్రవణ్ దూద్‌పేడా డబ్బా పంపాడు. ఆ డబ్బా ఖాళీ అయిన కొద్ది రోజులకే కడుపు పోయింది.

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. తొలి నెలల్లో పోయేవాటిలో చాలావరకు పిండంలో క్రోమోజోముల లెక్క తప్పి పోయేవేననీ, నువ్వు దుమికినందుకు పోలేదనీ. శ్రీవాణి బీఎస్సీలో జువాలజీ చదివి, ఆ మీద బీపీఈడీ చేసిన మనిషి. ఆ క్రోమోజోముల బొమ్మలు పరీక్షలో తన చేత్తో గీసింది. డాక్టరమ్మ మాట ఆమెకు అర్థమైంది. కానీ తిరిగి బడికి వచ్చినప్పుడు పలకరించిన వాళ్లెవరికీ ఆ బొమ్మలు తెలియవు.

"దుంకినవా ఏంది మేడం?"

"కబడ్డీ ఆడిచ్చినవ్ గద, నేను చూసిన."

"బొప్పాయి పండు గిట్ల తిన్నవా?"

పరామర్శకే వచ్చారు పాపం. కానీ ప్రతి పలకరింపూ పోలీసు విచారణలాగే ఉండేది. బిడ్డ పోయిన దుఃఖం కన్నా, ఏం చేసి పోగొట్టుకున్నావన్న ఆ ప్రశ్నే ఆమెను ఎక్కువ నలిపింది. ఈసారి అత్త మాటకు తలొగ్గింది దిష్టికి జడిసి కాదు, ఆ ప్రశ్నకు జడిసి. దిష్టి మీద ఆమెకు నమ్మకం లేదు. నమ్మకం లేనిదానికి కూడా భయపడొచ్చని ఈ కొద్ది వారాల్లో తెలుసుకుంది.

చెప్పకపోవడానికి ఇంకో కారణం హారిక. హారిక ఇంగ్లీషు టీచరు. ఐదో నెలలో బడిలో చెప్పింది. అందరూ సంతోషించారు, ప్రిన్సిపాల్ మేడం పూలు కూడా పెట్టింది. ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచాక హారికకు బడి నుంచి ఫోను రాలేదు. తీసేశామని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ప్రసూతి సెలవులకు చట్టం ఉందని శ్రీవాణికి తెలుసు. ఆ చట్టం పేరు పట్టుకుని బడి నడిపే కరస్పాండెంట్ గదిలోకి ఎవరు వెళ్తారన్నదే తెలియదు.

ఈసారి డాక్టరమ్మ ఇంకా స్పష్టంగా చెప్పింది. "నీ నౌకరీతో ముప్పు లేదు. నడువు, నిలబడు, పాఠం చెప్పు. దెబ్బతో ముప్పు, పడిపోతే ముప్పు, ఎండలో నీళ్లు తాగకుండ ఉంటే ముప్పు. పిల్లల్ని ఎత్తకు, బంతికి ఎదురు నిలబడకు. అన్నిటికన్న ముందు మీ బళ్లె చెప్పు."

"చెప్త మేడం," అని శ్రీవాణి తలూపింది.

చెప్పలేదు.

అంతలో పంద్రాగస్టు దగ్గరపడింది. పక్క ఊరి బడిలో పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరెక్కి పిరమిడ్ కట్టిన వీడియో కరస్పాండెంట్ సార్ ఫోనులోకి వచ్చింది. ఆయన దాన్ని శ్రీవాణికి చూపించాడు.

"మనం ఇంకొక అంతస్తు ఎక్కువ కట్టాలె మేడం. పైన చిన్నపిల్ల జెండా పట్టుకోవాలె. పేరెంట్స్ చూసి పరేషాన్ కావాలె."

"మ్యాట్లు లేవు సార్."

"ఇసుక పోపిస్త. నువ్వున్నవ్ గద కింద, పట్టుకోనీకి!"

కింద ఉండి పట్టుకోవడమంటే ఏమిటో ఆటలు నేర్పేవాళ్లకు తెలుసు. పైనుంచి పిల్ల జారితే వెనక్కి తగ్గకూడదు. ఒక అడుగు ముందుకేసి ఆ బరువును చేతులతో, ఛాతీతో, పొట్టతో కలిపి తీసుకోవాలి. అప్పుడే పిల్ల తల నేలకు తగలదు. ఆ ఒడుపు శ్రీవాణి ఒంట్లో ఇంకిపోయి ఉంది. గట్టుప్పల సర్కారు బడిలో చదివిన రోజుల నుంచి ఆమె కబడ్డీ ప్లేయరు. కళ్లు చూసేలోపే కాళ్లు కదిలిపోతాయి.

ఒక సాయంత్రం ప్రాక్టీసులో అదే జరిగింది. రెండో వరసలో ఒక పిల్ల మోకాలు జారింది. ఎత్తు పెద్దగా లేదు, ఇసుకలో పడినా ఏమీ కాదు. అయినా శ్రీవాణి ఒళ్లు ఆమెను అడక్కుండానే ముందుకురికింది. పిల్ల మోచేయి ఆమె పక్కటెముకలను రాసుకుంటూ పోయింది. అంతే. పిల్ల నవ్వుతూ లేచింది. శ్రీవాణి మాత్రం బాత్రూంలోకి వెళ్లి బట్టల మీద రక్తం మరక ఉందేమోనని చూసుకుంది. ఇంటికెళ్లి మళ్లీ చూసుకుంది. వంట చేస్తూ మధ్యలో స్టవ్ ఆపి మళ్లీ వెళ్లింది. ఏమీ లేదు. మూడో నెలలో గర్భసంచి ఇంకా కటి ఎముకల మధ్యనే భద్రంగా ఉంటుందని పుస్తకంలో చదివింది. చదివింది ఒక పక్క, చూసుకోవడం ఒక పక్క.

"మానేస్త నేను," అంది శ్రవణ్‌తో.

శ్రవణ్ కంచం ముందు కూర్చుని ఆలోచించాడు. "మానేస్తె మల్ల ఎవలు తీసుకుంటరు? చెప్పరాదు మరి బళ్లె."

"మీ అమ్మ వద్దన్నది."

"అయితే చెప్పకు."

"అట్లయితే పిరమిడ్ కింద నిలబడాలె."

"అది గూడ వద్దు," అన్నాడు శ్రవణ్ అన్నం కలుపుతూ. మూడు దారులూ మూసేసి, చెయ్యి కడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయాడు. మంచివాడే. కానీ భయపడినప్పుడు మనిషి మిల్లులోకి వెళ్లి దాక్కుంటాడు.

మరునాడు గ్రౌండులో శ్రీవాణి కుర్చీ వేయించుకుని కూర్చుంటే ప్రిన్సిపాల్ మంజులత మేడం అటుగా వచ్చింది. ఆ బడిలో టీచరు కూర్చుంటే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు.

"ఏమైంది శ్రీవాణీ, గట్ల కూసున్నవ్?"

"నడుము పట్టింది మేడం."

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చింది, అమరింది. నడుము పట్టినవాళ్లను ఎవరూ వంగమనరు, ఎత్తమనరు. ఆ రోజు శ్రీవాణి కుర్చీలోంచే ప్రాక్టీసు చేయించింది. తొమ్మిదో తరగతి ప్రణీత, కబడ్డీ టీం కెప్టెన్, ముందు నిలబడి చేసి చూపించింది. అంతా సాఫీగా జరిగింది. ఇంత సులువా అనుకుంది శ్రీవాణి.

సులువు కాదని మరునాడే తేలింది. మన దగ్గర జ్వరమొస్తే పలకరించి ఊరుకుంటారేమో గానీ నడుము పట్టిందంటే ఊరుకోరు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక మందు ఉంటుంది. తెలుగు పండిట్ బాలస్వామి సార్ నువ్వుల నూనె సీసా తెచ్చాడు. వాచ్‌మన్ గండయ్య వావిలాకు కోసుకొచ్చి, కాగబెట్టి కాపుకోమన్నాడు. లెక్కల నవీన్ సార్ తన మోకాలి నొప్పికి వాడే గోలీల పట్టీ సంచిలోంచి తీశాడు.

"ఒక్కటేసుకో మేడం. గంటల లేసి ఉరుకుతవ్."

"ఇంటికిపోయి వేసుకుంట సార్."

"ఇంటికెందుకు? నీళ్లున్నయ్ గద," అంటూ మంజులత మేడం గ్లాసు చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. ఆమెకు శ్రీవాణి అంటే నిజంగానే అభిమానం. శ్రీవాణి గోలీ నోట్లో వేసుకుని, నాలుక కిందకు తోసి, నీళ్లు మాత్రం మింగింది. వాష్ బేసిన్ దాకా నవ్వు ముఖంతోనే నడిచింది. ఉమ్మేసి ఎంతసేపు పుక్కిలించినా చేదు పోలేదు. కరిగినదెంత, లోపలికి పోయినదెంత అని మిగిలిన రోజంతా ఆలోచిస్తూనే ఉంది.

అబద్ధానికి కొలతలు కూడా ఉంటాయి. నడుము ఏ పక్క పట్టిందో గుర్తుంచుకోవాలి. మెట్లెక్కేటప్పుడు చెయ్యి అక్కడే పెట్టాలి. ఒకరోజు చెయ్యి ఎడమవైపుకు బదులు కుడివైపుకు పోతే నవీన్ సార్, "నొప్పి గూడ మీ పిల్లల లెక్క ఉరుకుతాంది మేడం," అన్నాడు. అందరూ నవ్వారు. శ్రీవాణి కూడా నవ్వింది.

కరస్పాండెంట్ సార్ మాత్రం నవ్వలేదు. "సోమవారం కల్లా నయం కావాలె మేడం. నడుము లేని పీఈటీతోని నేనేం జేసుకోవాలె?" అన్నాడు. హాస్యానికన్నట్టే ఉంది గానీ నవీన్ సార్ తలొంచుకుని నోటు పుస్తకాలు దిద్దడం మొదలుపెట్టాడు.

నయమైందంటే పిరమిడ్ కింద నిలబడాలి. కాలేదంటే హారిక దారి. నిజం చెబితే అత్త మాట దాటినట్టు. పైగా రేపు కాని కాలం వచ్చి ఏమైనా జరిగితే, మళ్లీ అవే ముఖాలు, అదే విచారణ. శ్రీవాణికి పడుకున్నా లేచినా ఈ లెక్కే. ఎటు నుంచి కూడినా అదే జవాబు వస్తోంది.

సోమవారం పొద్దుటి నుంచీ జల్లు. గ్రౌండు చిత్తడిగా ఉంది. ప్రాక్టీసు లేదని శ్రీవాణి లోలోపల సంతోషించింది. ఇంటర్వెల్ అయ్యాక ఆయా లీలమ్మ వచ్చి, "మేడం, ప్రిన్సిపాల్ మేడం ఆటల రూముకు రమ్మంటాంది," అంది.

ఆటల రూములో నేల మీద జంపఖానా పరిచి ఉంది. మంజులత మేడం, ఇద్దరు టీచర్లు, గోడకు ఆనుకుని ప్రణీత. ఆ పిల్ల చెప్పులు విప్పి, పాదాలు కడుక్కుని వచ్చినట్టుంది. తడి అడుగులు గడప దాకా పడి ఉన్నాయి.

"ఏంది మేడం గిది?"

"నీ నడుముకే," అంది మంజులత మేడం ముఖం వెలిగిపోతూ. "గిన్ని రోజులు మనకు ఎర్కనే లేకపాయె. మన ప్రణీత ఎదురుకాళ్ల పిల్లనట! లీలమ్మ చెప్పింది."

"మా వాడకట్టే గద మేడం," అంది లీలమ్మ. "పుట్టంగ కాళ్లే ముందుగాల వచ్చినయ్. వాడకట్టుల ఎవలికి నడుము పట్టినా గీమె తొక్కాలె. మా ఆయన మూటలెత్తి పట్టిచ్చుకుంటె, మూడుసార్లు కాలు ఆనిచ్చింది, దెబ్బకు లేసి కూసున్నడు."

కాళ్లు ముందుగా పుట్టినవాళ్లు తొక్కితే పట్టిన నడుము వదులుతుందన్న నమ్మకం శ్రీవాణికి కొత్త కాదు. చిన్నప్పుడు వాళ్ల నాయినను కూడా తొక్కించారు. కానీ ఇప్పుడు ఆమె చూపంతా ప్రణీత పాదాల మీదే ఉంది. రైడుకు వెళ్తే నలుగురిని ఈడ్చుకొచ్చే పిల్ల. ఆ పిక్కలను గట్టిపరిచింది తనే.

"వద్దు మేడం. తగ్గింది. నిజంగ తగ్గింది."

"తగ్గితే పొద్దుగాల మెట్లెక్కంగ మూలిగినవెందుకు? పండు జర. కరస్పాండెంట్ సార్ ఇప్పుడే ఫోన్ చేసిండు, నయమైందా అని. నీ కోసమే చెప్తున్న," అంది మంజులత మేడం. ఆ చివరి మాట తగ్గు గొంతులో అంది.

ఇద్దరు టీచర్లు చెరో భుజం పట్టి కూర్చోబెట్టారు. అభిమానంగానే పట్టుకున్నారు. అయినా పట్టు పట్టే. శ్రీవాణి మోకాళ్ల మీద వాలింది, తర్వాత అరచేతుల మీద. "బోర్ల పండు బిడ్డా," అని లీలమ్మ వీపు మీద చెయ్యి వేసి మెల్లగా అదిమింది.

"నేను తొక్క మేడం," అంది ప్రణీత ఉన్నట్టుండి. "టీచరుకు కాలు తగిలితెనే మొక్కుతం. తొక్కితే పాపం కాదా? నాకు పరీక్షల మార్కులు రావు."

"ఇప్పుడేం వస్తున్నయ్ లే," అంది ఒక టీచరు.

"మందుకు పాపం లేదే పిల్లా. ముందుగాల మొక్కు, తర్వాత తొక్కు, మల్ల మొక్కు," అంది లీలమ్మ.

ప్రణీత వచ్చి శ్రీవాణి పాదాలను తాకి కళ్లకద్దుకుంది. జంపఖానా మీద ముఖం ఆనించి ఉన్న శ్రీవాణికి ఆ పిల్ల లేచి నిలబడటం, పక్కకు జరగడం చప్పుడుతోనే తెలుస్తోంది. నోరు తెరిస్తే చాలు. ఆ నోరే రావడం లేదు. అత్త గొంతూ, మగ్గం చప్పుడూ చెవుల్లో మోగుతున్నాయి. చల్లని, తడి పాదం నడుము మీద ఆనింది. ఇంకా బరువు పడలేదు.

"నాకు మూడో నెల!"

అరిచినట్టే వచ్చింది. పాదం నిప్పును తాకినట్టు లేచిపోయింది. శ్రీవాణి పక్కకు దొర్లి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుండిపోయింది.

ముందుగా తేరుకున్నది లీలమ్మే. "నీ నోట్లె మన్నువడ! నోరులేదా మేడం నీకు? పిల్ల తొక్కిందాక పండుకుంటివి గద!" అని తిడుతూనే జంపఖానా అంచు తీసి ఆమె మీద కప్పింది. ప్రణీత గోడకు కరుచుకుపోయి ఏడుస్తోంది. "నేను బలం వెయ్యలే మేడం. ఒట్టు. ఆనిచ్చిన అంతే."

"నువ్వేం చెయ్యలే ప్రణీతా. నాకు నొప్పే లేదు. ఎన్నడు లేకుండె."

మంజులత మేడం ముఖంలో రక్తం లేదు. "గోలీ మింగిచ్చిన గద నేను!" అంది.

"ఉమ్మేసిన మేడం."

మంజులత మేడం వచ్చి జంపఖానా అంచున కూర్చుంది. కొంతసేపటికి కోపం వచ్చింది. అంత మాట ఎందుకు దాచావని అడిగింది. శ్రీవాణి అత్త సంగతి చెప్పింది. పోయినసారి అడిగిన ప్రశ్నల సంగతి చెప్పింది. హారిక పేరు మాత్రం ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది. మంజులత మేడం కిటికీ వైపు తిరిగి, వానను చూస్తూ ఉండిపోయింది.

మధ్యాహ్నం ఇద్దరూ కరస్పాండెంట్ గదికి వెళ్లారు. ఆయన మొదట శుభాకాంక్షలు చెప్పాడు. రెండో మాటగా, "అయితే ఇంట్లనే రెస్టు తీసుకో మేడం. ఆరోగ్యం ముఖ్యం. మేం ఎవరినో ఒకరిని చూసుకుంటం," అన్నాడు.

"డాక్టరమ్మ పని మానమనలే సార్. దెబ్బలు తగిలే పనే వద్దన్నది. కూసోని చేపిస్త. పిరమిడ్ బదులు చేతుల గలగలమనే లేజింలు పట్టిచ్చి డ్రిల్లు చేపిస్త. బడిల లేజింలున్నయ్, ఎవలు పడరు, చూడనీకి మంచిగుంటది."

"పేరెంట్స్‌కు పిరమిడ్ అని చెప్పేసిన."

"మ్యాట్లు లేకుంట పిల్ల పడితే పేరెంట్స్‌కు ఏం చెప్తరు సార్?" అంది మంజులత మేడం. గొంతు పెంచలేదు. ఆయన ఆమె వైపు కొంత ఆశ్చర్యంగా చూశాడు.

"సరే, పంద్రాగస్టు కానియ్యిండ్రి. ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దం."

ఆ 'తర్వాత' ఏమిటో ఆయన చెప్పలేదు. మెట్లు దిగుతుంటే మంజులత మేడం, "నేనున్న గద," అంది. హారికతోనూ ఆమె అలాగే అని ఉంటుందని శ్రీవాణికి తోచింది. అయినా ఆ మాట వినాలనే అనిపించింది.

సాయంత్రం అత్తకు ఫోను చేసింది.

"చెప్పేసిన అత్తమ్మా."

మగ్గం ఆగింది.

"ఎవలికి?"

"అందరికి. చెప్పకుంటె నడుము తొక్కుతుండె."

జరిగిందంతా వినిపించింది. అత్త తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది.

"తొక్కలే గద?" అంది అండాలు.

"తొక్కలే."

"ఏమన్నరు మరి బళ్లె?"

"కూసోమన్నరు."

"అయితే కూసో," అంది అండాలు. ఆ గొంతులో కోపం లేదు, ధైర్యమూ లేదు. మగ్గం మళ్లీ మొదలైంది గానీ రోజూ ఉన్నంత వడిగా లేదు.

మరునాడు వాన తెరిపిచ్చింది. శ్రీవాణి గ్రౌండుకు వచ్చేసరికి ఆమె కుర్చీ వేపచెట్టు నీడలో వేసి ఉంది. కుర్చీ చుట్టూ కబడ్డీ కోర్టుకు వాడే సున్నంతో పెద్ద గుండ్రం గీసి ఉంది. పక్కన నీళ్ల సీసా. పక్కనే నడుముకు చేతులు పెట్టుకుని ప్రణీత.

"ఇది మీ జాగా మేడం. బంతి పట్టుకుని ఎవలు గిందులకు రావొద్దు. వస్తే అవుట్. మీరు బయటికి రావొద్దు."

"నేనొస్తే?"

ప్రణీత ఆలోచించింది. "మీరు గూడ అవుటే."

శ్రీవాణి కూర్చుంది. గ్రౌండంతా ఆమెకేసే చూస్తోంది. చూసిన ప్రతి పిల్ల కళ్లూ ముందు ఆమె కడుపు మీద వాలి, తర్వాత ముఖం మీదకు వస్తున్నాయి. ఈ వారం ఏమీ కాకూడదు, వచ్చే వారం ఏమీ కాకూడదు, ఆ పై వారం కూడా. కాదని ఏ పుస్తకమూ హామీ ఇవ్వదు. రేపు ఏమైనా అయితే అడగడానికి ఈసారి బడంతా ఉంది. పొత్తికడుపులో చిన్నగా ఏదో లాగినట్టయింది. బాత్రూంకి వెళ్లి చూసుకోవాలనిపించింది. ఇందాకే వెళ్లొచ్చింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

చిన్న తరగతి పిల్లల ఫుట్‌బాల్ ఒకటి దొర్లుకుంటూ వచ్చి సున్నపు గీత మీద నెమ్మదించింది. ఆలోచించేలోపే శ్రీవాణి కుడికాలు దాన్ని ఆపడానికి చాచుకుంది.

"మేడం!"

ఒక్క గొంతు కాదు, గ్రౌండులో ఉన్న గొంతులన్నీ. శ్రీవాణి కాలు వెనక్కి తీసుకుని కుర్చీ కింద పెట్టుకుంది. ప్రణీత వచ్చి బంతిని తీసుకెళ్లింది. వెళ్తూ వెళ్తూ, బంతి దొర్లి చెరిగిన చోట పాదంతో సున్నాన్ని మళ్లీ సర్ది, గీత కలిపేసి వెళ్లింది.